ఆంగ్లంలో అక్షర విశేషాలున్న దీర్ఘపదాలు

ఒక పదంలో ఏయే అక్షరాలున్నాయి, ఏ వరసలో ఉన్నాయి, ఎన్నిసార్లు తిరిగి వచ్చాయి అన్న అంశాలను బట్టి ప్రత్యేకంగా గుర్తించిన ఆంగ్ల పదాల పరిచయమే ఈ వ్యాసం. ఐదు అచ్చులూ వరసగా ఉన్న పదాలు, ఒకే అచ్చుతో నడిచే పదాలు, అచ్చే లేని పదాలు, ఏ అక్షరమూ రెండోసారి రాని పదాలు, అతి దీర్ఘపదాలు ఇందులో ప్రధానం. ఇలాంటి పరిశీలనకు ఆంగ్లంలో లాగాలజీ అనే పేరు ఉంది. ఈ విశేషాల్లో చాలావాటికి కారణం యాదృచ్ఛికత కాదు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి, వెల్ష్, అరబిక్ భాషల నుంచి ఆంగ్లంలోకి వచ్చిన ఉపసర్గలు, ప్రత్యయాలు, వర్ణక్రమ సంప్రదాయాలే వాటికి మూలం.

ఆంగ్లాక్షరాలను ఇక్కడ ఏ, బి, సి, డి, ఇ అంటూ వాటి పేర్లతోనే రాశాం. వర్ణక్రమం చూపాల్సిన చోట అడ్డగీతలతో విడదీశాం.

లెక్కింపు పద్ధతి

తెలుగులో అక్షరం అంటే ఉచ్చారణలో ఒక ముక్క. "స్త్రీ" అన్నది మూడు హల్లులు, ఒక అచ్చు కలిసిన ఒకే అక్షరం. ఆంగ్లంలో ప్రతి లిపిచిహ్నాన్నీ విడిగా లెక్కిస్తారు. ఈ తేడా ఎంతటిదో ఆంధ్రప్రదేశ్‌లో, రేణిగుంట–అరక్కోణం మార్గంలో ఉన్న ఒక రైల్వే స్టేషన్ పేరులో చూడవచ్చు. "వెంకటనరసింహరాజువారిపేట" తెలుగులో 13 అక్షరాలు. అదే పేరును స్టేషన్ బోర్డు మీద ఆంగ్లంలో రాస్తే 28 అక్షరాలవుతాయి. భారతీయ రైల్వేలో పొడవైన స్టేషన్ పేర్ల ప్రస్తావన వస్తే ఇదే ముందు వినిపిస్తుంది.

ఆంగ్లంలో ఏ, ఇ, ఐ, ఓ, యు అనే ఐదింటిని అచ్చులుగా లెక్కిస్తారు. వై అనే అక్షరం కొన్ని పదాల్లో హల్లుగా, కొన్నింటిలో అచ్చుగా పనిచేస్తుంది కాబట్టి దాన్ని కలిపి లెక్కించే జాబితాలు, విడిచిపెట్టే జాబితాలు రెండూ ఉన్నాయి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు, రసాయన సూత్రాల పూర్తి పేర్లు సాధారణంగా లెక్కలోకి రావు. ప్రామాణిక నిఘంటువులో చోటు సంపాదించిందా లేదా అన్నదే గీటురాయి. ఈ నియమం లేకపోతే లెక్కకు అంతే ఉండదు. టైటిన్ అనే ప్రొటీన్ పూర్తి రసాయన నామంలో 1,89,819 అక్షరాలున్నాయని చెబుతారు. నిఘంటుకారులు దాన్ని పదంగా గాక సూత్రంగానే చూస్తారు.

చరిత్ర

అక్షరాలను నియమంగా పెట్టుకుని రాయడం ఆంగ్లం కంటే చాలా పాతది. గ్రీకు కవి లాసస్ క్రీ.పూ. 6వ శతాబ్దంలోనే సిగ్మా అక్షరాన్ని వదిలేసి రచన చేశాడు. సంస్కృతంలో దండి తన దశకుమారచరితంలో ఒక ఉచ్ఛ్వాసాన్ని ఓష్ఠ్యాక్షరాలు లేకుండా నడిపాడు. ఆ కథ చెప్పే పాత్ర పెదవులు గాయపడి ఉండటమే అందుకు కారణంగా కల్పించాడు.

ఆంగ్లంలో దీర్ఘపదం మీద ఆసక్తికి తొలి ఆధారాల్లో షేక్‌స్పియర్ నాటకం "లవ్స్ లేబర్స్ లాస్ట్" ఒకటి. 1598లో అచ్చయిన ఈ నాటకంలో ఒక పాత్ర "హానరిఫికాబిలిట్యూడినిటాటిబస్" అనే 27 అక్షరాల లాటిన్ రూపాన్ని పలుకుతుంది. గౌరవం పొందగల స్థితి అని దాని భావం. హెచ్ తర్వాత ఓ, ఎన్ తర్వాత ఓ, ఆర్ తర్వాత ఐ, ఇలా మొదటి నుంచి చివరి ఎస్ దాకా ఒక హల్లు, ఒక అచ్చు తప్పకుండా మారుతూ పోవడం ఈ పదంలోని విశేషం.

19వ శతాబ్దంలో పత్రికల్లో పదప్రహేళికలు బాగా వ్యాపించాయి. 1883లో అమెరికాలో నేషనల్ పజ్లర్స్ లీగ్ ఏర్పడింది. 1884లో తొలి సంచిక వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు, 1934లో వచ్చిన వెబ్‌స్టర్ రెండో కూర్పు ఈ అన్వేషణకు కావలసిన పదసంపదను అందించాయి. 1939లో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ "గాడ్స్‌బీ" అనే నవలను దాదాపు 50 వేల పదాల్లో, ఇ అక్షరం లేకుండా రాశాడు. పొరపాటున వేలు పడకుండా టైపురైటర్‌లో ఇ మీటను కట్టేసి ఉంచానని ఆయనే ముందుమాటలో చెప్పాడు. ఆంగ్ల పాఠంలో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే అక్షరం అదే, సుమారు 12 శాతం. దాన్ని వదిలేస్తే "ది", "హి", "షి", "వి" లాంటి నిత్యావసర పదాలతో పాటు భూతకాలాన్ని సూచించే ఇ-డి ప్రత్యయం కూడా పోతుంది. ఫ్రెంచిలో జార్జ్ పెరెక్ 1969లో ఇదే నియమంతో "లా డిస్పారిసియోం" నవల రాశాడు.

లాగాలజీ అనే మాటకు ఈ అర్థంలో ప్రాచుర్యం కల్పించినవాడు డిమిట్రి బోర్గ్‌మన్. 1965లో ఆయన పుస్తకం "లాంగ్వేజ్ ఆన్ వెకేషన్" వెలువడింది. 1968లో ఆయన తొలి సంపాదకుడిగా మొదలైన "వర్డ్ వేస్" త్రైమాసిక పత్రిక 2020 దాకా నడిచింది. అంతకుముందు ఒక్కొక్క పుటా తిరగేస్తూ ఏళ్ల తరబడి చేసిన వెతుకులాటను, నిఘంటువుల పదజాబితాలు కంప్యూటర్‌లోకి ఎక్కాక కొన్ని క్షణాల్లో చేయడం సాధ్యమైంది.

ఐదు అచ్చులున్న పదాలు

ఏ, ఇ, ఐ, ఓ, యు ఈ వరసలోనే, ఒక్కొక్కటి ఒక్కసారే వచ్చే పదాలు ఆంగ్లంలో తక్కువ. అందరికీ తెలిసినది "ఫసీషియస్". దాని వర్ణక్రమం ఎఫ్-ఏ-సి-ఇ-టి-ఐ-ఓ-యు-ఎస్. గంభీరమైన విషయంలో సమయం కాని పరిహాసం చేయడం అని అర్థం. "అబ్‌స్టీమియస్" అంటే తిండి, తాగుడు విషయంలో మితం పాటించే స్వభావం కలవాడు. ఈ మాటకు మూలం మద్యానికి దూరంగా ఉండటమనే అర్థమున్న లాటిన్ పదం. మూడోది "ఆర్సీనియస్", అంటే ఆర్సెనిక్ కలిగినది. మొదటి రెండు పదాల చివర ఎల్-వై చేర్చి క్రియావిశేషణాలుగా మారిస్తే వై కూడా వరసలో చేరుతుంది.

ఈ మూడింటి చివరి భాగం ఒకటే, ఐ-ఓ-యు-ఎస్. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఈ విశేషణ ప్రత్యయమే మూడు అచ్చులను వరస తప్పకుండా అందిస్తోంది. పదం మొదటి సగంలో ఏ, ఇ వస్తే పని పూర్తవుతుంది. ఈ ప్రత్యయంతో వందల పదాలున్నా మొదటి సగం సరిపడేవి వేళ్ల మీద లెక్కించదగినవే.

వెనుక వరస, అంటే యు, ఓ, ఐ, ఇ, ఏ క్రమం గల పదాలకూ ఇలాంటి కారణమే ఉంది. "సబ్‌కాంటినెంటల్" అన్నది ఉపఖండానికి చెందినది అనే అర్థంలో మన ప్రాంతం గురించి తరచుగా వాడే విశేషణం. సబ్ అనే ఉపసర్గ నుంచి యు, కాన్ నుంచి ఓ, తర్వాత ఐ, ఇ, చివరి ప్రత్యయం నుంచి ఏ వస్తాయి. "అన్‌కాంప్లిమెంటరీ" అంటే పొగడ్త కాని, కించపరిచే అని అర్థం. దీనికీ అన్, కామ్ అనే ఉపసర్గలే ఆధారం, చివర వై అదనం.

వరసతో పనిలేకుండా ఐదు అచ్చులూ ఒక్కొక్కసారి వచ్చే పదాలు చాలా ఉన్నాయి. ఎడ్యుకేషన్, ఈక్వేషన్, రెగ్యులేషన్ మూడూ ఏ-టి-ఐ-ఓ-ఎన్ అనే ప్రత్యయంతో ముగుస్తాయి. ఆ ప్రత్యయం మూడు అచ్చులు ఇస్తే, ముందు భాగం ఇ, యు లను పూరిస్తుంది. డైలాగ్ అనే పదాన్ని బ్రిటిష్ పద్ధతిలో రాసినప్పుడు, కూరగాయల్లో కాలీఫ్లవర్‌ను రాసినప్పుడు ఈ ఐదూ కనిపిస్తాయి. ఐదు అచ్చులున్న చిన్న పదాల్లో ఆరు అక్షరాల "యునోయా" ముఖ్యమైనది. సద్భావన అనే అర్థంలో గ్రీకు నుంచి వచ్చింది. కెనడా కవి క్రిస్టియన్ బోక్ 2001లో ఇదే పేరుతో ఒక గ్రంథం ప్రచురించాడు. అందులోని ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క అచ్చుతోనే నడుస్తుంది.

ఒకే అచ్చుతో నడిచే పదాలు

ఇ ఒక్కటే అచ్చుగా ఉన్న దీర్ఘపదాల్లో "స్ట్రెంగ్త్‌లెస్‌నెస్" ప్రసిద్ధం. సత్తువ లేకపోవడం అని అర్థం, 16 అక్షరాలు. రక్షణ లేని స్థితిని చెప్పే "డిఫెన్స్‌లెస్‌నెస్" 15 అక్షరాలు, అందులోనూ ఇ తప్ప వేరే అచ్చు లేదు. లేమిని సూచించే ఎల్-ఇ-ఎస్-ఎస్, భావార్థకమైన ఎన్-ఇ-ఎస్-ఎస్ రెండూ పాత ఆంగ్లం నుంచి వచ్చిన ప్రత్యయాలు, రెండింటిలోనూ అచ్చు ఇ మాత్రమే. ఇవి చేరితే ఎస్ కూడా విపరీతంగా పెరుగుతుంది. ఆస్తిపాస్తులు లేని స్థితి అనే అర్థంలో వాడే "పొసెషన్‌లెస్‌నెస్" 18 అక్షరాల్లో ఎనిమిది ఎస్‌లే.

ఐ విషయంలో "ఇండివిజిబిలిటీ" గుర్తుంచుకోదగినది. విభజించడానికి వీల్లేకపోవడం అని అర్థం. 14 అక్షరాల్లో ఐ ఆరుసార్లు వస్తుంది, చివర వై ఉంది. ఏ ఒక్కటే ఉన్నవాటిలో "టారామాసలాటా" 12 అక్షరాల పదం. చేపగుడ్లతో చేసే గ్రీకు వంటకం అది, హల్లు, అచ్చు ఒకదాని తర్వాత ఒకటిగా ఆరు ఏలు వస్తాయి. ఓ కు "మోనోఫ్‌థాంగ్", అంటే పలికేటప్పుడు మధ్యలో మారని శుద్ధమైన అచ్చు. యు కు "అన్‌ట్రూత్‌ఫుల్", అంటే నిజం చెప్పని.

ఒకే ఒక్క అచ్చు, అదీ ఒక్కసారే వచ్చే పదాల్లో "స్ట్రెంగ్త్స్" తొమ్మిది అక్షరాలతో ముందుంటుంది. ఎస్-టి-ఆర్ తర్వాత ఇ, ఆపైన ఎన్-జి-టి-హెచ్-ఎస్. తొమ్మిది అక్షరాలు రాసినా నోటితో పలికేది ఒకే ముక్క. దీనికి ఎదురుగా "ఏరియా" నాలుగే అక్షరాలు, పలికేవి మూడు ముక్కలు.

అచ్చులు లేని పదాలు

ఐదు అచ్చుల్లో ఒక్కటీ లేని పదాలు రెండు దారుల్లో ఆంగ్లంలోకి వచ్చాయి. మొదటిది గ్రీకు. ఆ భాషలోని ఉప్సిలాన్‌ను ఆంగ్లంలో వై తో రాస్తారు కాబట్టి లయ అనే అర్థంలోని "రిథమ్", స్తోత్రం అనే అర్థంలోని "హిమ్" అచ్చులు లేకుండా కనిపిస్తాయి. "సిజిజీ" అనే ఆరు అక్షరాల పదంలో వై మూడుసార్లు వస్తుంది: ఎస్-వై-జెడ్-వై-జి-వై. ఒకే కాడికి కట్టినవి అనే గ్రీకు భావం నుంచి వచ్చిన ఈ మాటకు ఖగోళశాస్త్రంలో మూడు గోళాలు ఒకే సరళరేఖలోకి రావడం అని అర్థం. అమావాస్య, పౌర్ణమి వేళల్లో సూర్యుడు, భూమి, చంద్రుడు ఉండే స్థితి ఇదే. గ్రహణాలు ఈ స్థితిలోనే వస్తాయి.

రెండో దారి వెల్ష్. ఆ భాషలో డబ్ల్యు అచ్చుగా పనిచేస్తుంది. సి-డబ్ల్యు-ఎం అని రాసి "కూమ్" అని పలికే పదానికి కొండల మధ్య మూడువైపులా గోడల్లా నిలిచిన లోయ అని అర్థం. ఎవరెస్టు ఎక్కేవారు దాటే వెస్టర్న్ కూమ్‌కు 1921లో ఆ పేరు పెట్టినవాడు జార్జ్ మాలరీ. వెల్ష్ తంత్రీవాద్యం "క్రూత్" పేరులోనూ డబ్ల్యు తప్ప వేరే అచ్చు లేదు.

యు తోడు లేని క్యూ

ఆంగ్లంలో క్యూ తర్వాత యు రావడం దాదాపు నియమం. ఇది లాటిన్ సంప్రదాయం, నార్మన్ ఫ్రెంచి లేఖకుల ద్వారా స్థిరపడింది. అంతకుముందు పాత ఆంగ్లంలో "క్వీన్" లాంటి పదాలను సి-డబ్ల్యు తో రాసేవారు. ఈ నియమాన్ని దాటినవి ఎక్కువగా అరబిక్, పారసీక, ఉర్దూ మూలాలున్న పదాలు. ఆ భాషల్లోని కాఫ్ అక్షరాన్ని ఆంగ్లంలో క్యూ తో రాయడమే కారణం. ఖవ్వాలీ, ఖాజీ, నిఖాబ్, తలాఖ్ పదాలు ఇలాంటివి. హైదరాబాదు వాడుకలో నిత్యం వినిపించే ఈ మాటలు స్క్రాబుల్ ఆటగాళ్లకు ఎంతో విలువైనవి. చేతిలో క్యూ ఉండి యు దొరకనప్పుడు ఆదుకునేవి ఇవే. చైనీయుల ప్రాణశక్తి భావనను చెప్పే రెండక్షరాల "చి", క్యూ-ఐ అని రాసేది, వీటికి తోడు.

హల్లుల గుంపులు, జంటాక్షరాలు

సమాసంగా ఏర్పడిన పదాల్లో రెండు మాటలు కలిసే చోట హల్లులు పోగవుతాయి. "క్యాచ్‌ఫ్రేజ్" మధ్యలో టి-సి-హెచ్-పి-హెచ్-ఆర్ ఆరు హల్లులు వరసగా ఉంటాయి. పదేపదే వినిపించి జనం నోట నానే వాక్యం అని అర్థం. క్రికెట్ మైదానంలో బౌలర్ వెనక, బంతి బ్యాట్స్‌మన్‌కు స్పష్టంగా కనిపించడానికి నిలిపే తెల్లని తెర "సైట్‌స్క్రీన్". అందులో జి-హెచ్-టి-ఎస్-సి-ఆర్ వరసగా వస్తాయి. రెండు పదాల్లోనూ కళ్లకు ఆరు హల్లులు కనిపిస్తాయి గాని చెవికి అన్ని వినిపించవు. ఆంగ్లంలో రెండు, మూడు అక్షరాలు కలిసి ఒకే ధ్వనిని సూచించడం, కొన్ని అక్షరాలు మౌనంగా మిగిలిపోవడం దీనికి కారణం. ఉదాహరణకు సైట్‌లోని జి-హెచ్ ఒకప్పుడు గొంతులో పలికిన ధ్వని. ధ్వని పోయినా రాత మిగిలింది.

దీనికి విరుద్ధంగా వరసలో నిలబడటమనే అర్థమున్న "క్యూయింగ్" అనే పదాన్ని బ్రిటిష్ పద్ధతిలో రాస్తే యు-ఇ-యు-ఇ-ఐ ఐదు అచ్చులు ఒకేచోట చేరతాయి.

జంటాక్షరాల్లో "బుక్‌కీపర్" సాటిలేనిది. పద్దులు రాసే గుమాస్తా అని అర్థం. ఓ-ఓ, కె-కె, ఇ-ఇ మూడు జంటలు మధ్యలో ఇంకో అక్షరం లేకుండా వస్తాయి. కమిటీ అనే పదంలోనూ మూడు జంటలున్నాయి, కాని వరసగా లేవు.

పునరుక్తి లేని పదాలు

ఏ అక్షరమూ రెండోసారి రాని పదాన్ని ఐసోగ్రామ్ అంటారు. ఇలాంటివాటిలో 15 అక్షరాల పదాలు రెండు తరచుగా ఉదాహరణగా వస్తాయి. "డెర్మటోగ్లిఫిక్స్" అంటే వేళ్ల మీద, అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మీద ఉండే రేఖల అధ్యయనం. అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ కమిన్స్ 1926లో ఈ పదాన్ని కల్పించాడు. "అన్‌కాపీరైటబుల్" అంటే కాపీరైట్ వర్తించనిది. ఐదు అచ్చులూ వై తో సహా ఒక్కొక్కసారే రావడం దీని అదనపు గొప్పదనం. డెర్మటోగ్లిఫిక్స్ చివరి ఎస్ తీసి, ముందు సబ్ చేర్చి, చర్మరేఖల అడుగున ఉన్న అనే అర్థంలో చేసిన విశేషణం 17 అక్షరాలకు చేరుతుంది. ఇంతకు మించి పొడవు పెరగకపోవడానికి ముఖ్య కారణం అచ్చుల కొరత. అక్షరమాలలో 26 ఉన్నా అచ్చులు ఐదు, వై తో ఆరు. అవి అయిపోయాక కొత్త ముక్క పలకాలంటే పాత అచ్చునే మళ్లీ వాడాలి.

పది అక్షరాల ఐసోగ్రామ్‌లు వ్యాపారంలో ఉపయోగపడ్డాయి. వస్తువు కొన్న ధర కొనుగోలుదారుకు తెలియకుండా చీటీ మీద రాసుకోవడానికి దుకాణదారులు ఇలాంటి పదాన్ని రహస్య సూచికగా పెట్టుకునేవారు. కమ్మరి అనే అర్థంలోని "బ్లాక్‌స్మిత్"ను తీసుకుంటే బి ఒకటి, ఎల్ రెండు, ఏ మూడు, సి నాలుగు, కె ఐదు, ఎస్ ఆరు, ఎం ఏడు, ఐ ఎనిమిది, టి తొమ్మిది, హెచ్ సున్నా. 375 అన్న ధర ఏ-ఎం-కె అవుతుంది. అక్షరం పునరుక్తమైతే అంకె తేడా వస్తుంది కాబట్టి ఐసోగ్రామ్ తప్పనిసరి.

క్రమం, విలోమం, తారుమారు

అక్షరమాల వరసలోనే అక్షరాలున్న పదాలు పొట్టివే. "ఆల్మోస్ట్", "బయాప్సీ" ఆరేసి అక్షరాలు. గోధుమకు దగ్గరి బంధువైన గడ్డిజాతి పేరు "ఈజిలాప్స్" ఎనిమిది. వెనుక వరసలో, చెంచాతో తినిపించడమనే అర్థమున్న "స్పూన్‌ఫీడ్" తొమ్మిది అక్షరాలు.

ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే పదాల్లో జేమ్స్ జాయిస్ 1922 నాటి "యులిసిస్" నవలలో తలుపు తట్టిన చప్పుడుకు కల్పించిన 12 అక్షరాల "టాటారాటాట్" పొడవైనది. మన రైతులు దుక్కికి వాడే "రోటవేటర్" పేరు ఆంగ్లంలో తొమ్మిది అక్షరాల విలోమ పదం. "మలయాళం" పేరు కూడా ఆంగ్లంలో రాస్తే అంతే. తెలుగులో తెనాలి రామకృష్ణుడి పేరుతో ముడిపడిన "వికటకవి" ఈ కోవలోదే.

ఒక పదంలోని అక్షరాలనే తారుమారు చేసి మరో పదం చేయడాన్ని యానగ్రామ్ అంటారు. పొడవైన వాటిలో చెప్పుకోదగినది, సినిమా ఛాయాగ్రాహకుడనే అర్థమున్న "సినిమాటోగ్రాఫర్". అవే 15 అక్షరాలతో "మెగాకిరాప్టెరన్", అంటే పండ్లు తినే పెద్ద గబ్బిలాల వర్గానికి చెందినది, తయారవుతుంది. ఒకటి గ్రీకు చలన, లేఖన ధాతువులది, రెండోది చేయి, రెక్క ధాతువులది. అర్థానికి సంబంధమే లేదు.

కీబోర్డు ఆధారిత విశేషాలు ఇటీవలివి. పై వరస మీటలతోనే "టైప్‌రైటర్" అనే పదాన్ని కొట్టవచ్చు. అమ్మకందారులు సులువుగా కొట్టి చూపడానికే అలా అమర్చారన్న కథకు ఆధారం లేదు. "స్టీవర్డెసెస్" అన్న 12 అక్షరాల పదాన్ని ఎడమ చేత్తోనే కొట్టవచ్చు.

అతి దీర్ఘపదాలు

నిఘంటువులకెక్కిన పదాల్లో 45 అక్షరాల "న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్" మొదటిది. అతిసూక్ష్మమైన సిలికా ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అని అర్థం. ఊపిరితిత్తి, అతి, సూక్ష్మదర్శినికి అందే, సిలికా, అగ్నిపర్వతం, ధూళి వ్యాధి అనే ముక్కలను వరసగా కూర్చి 1935లో నేషనల్ పజ్లర్స్ లీగ్ అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ దీన్ని తయారుచేశాడు. పొడవు కోసమే పుట్టిన పదమిది. వైద్యులు వాడే మాట సిలికోసిస్. రాళ్ల క్వారీ కార్మికుల ఆయుష్షు తీసే ఆ జబ్బు మాత్రం నిజమైనది.

అవసరం కోసం పుట్టిన దీర్ఘపదాలకే ఎక్కువ విలువ ఇవ్వడం సమంజసం. ఆ కొలతతో చూస్తే 30 అక్షరాల "సూడోసూడోహైపోపారాథైరాయిడిజం" ముందుంటుంది. ఫుల్లర్ ఆల్బ్రైట్ 1952లో వర్ణించిన జన్యు సంబంధమైన స్థితి ఇది. పారాథైరాయిడ్ లోపాన్ని పోలిన ఒక వ్యాధిలోని బాహ్య లక్షణాలు ఇందులో ఉంటాయి, రక్తంలో కాల్షియం మాత్రం మామూలుగానే ఉంటుంది. పోలిక మీద పోలిక కాబట్టి సూడో రెండుసార్లు అవసరమైంది.

28 అక్షరాల "యాంటీడిసెస్టాబ్లిష్‌మెంటేరియనిజం" 19వ శతాబ్దపు బ్రిటిష్ రాజకీయాల్లోది. ఇంగ్లండ్ చర్చికి ప్రభుత్వ మతహోదా తీసేయాలన్న వాదాన్ని వ్యతిరేకించే సిద్ధాంతం అని అర్థం. ఐర్లండ్‌లో ఆ హోదా 1871లో, వేల్స్‌లో 1920లో పోయింది. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఉంది.

29 అక్షరాల "ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్" అంటే దేన్నైనా విలువలేనిదిగా తీసిపారేయడం. ఏమాత్రం విలువ లేదనే భావాన్నిచ్చే నాలుగు లాటిన్ రూపాలు పాఠశాల వ్యాకరణంలో ఒకేచోట కనిపించేవి. వాటిని గుదిగుచ్చి ప్రత్యయం తగిలించారు. 1741 నాటి విలియం షెన్‌స్టన్ లేఖలో ఇది కనిపిస్తుంది. ఇందులో ఐ తొమ్మిదిసార్లు వస్తుంది, ఆంగ్లంలో అతి సాధారణమైన ఇ ఒక్కసారీ రాదు.

ఉపయోగం, పోటీలు

అక్షరాలు ఎంత తరచుగా వస్తాయన్న లెక్కే రహస్యలిపిని ఛేదించే శాస్త్రానికి పునాది. 9వ శతాబ్దంలో అల్ కిందీ దీన్ని వివరించాడు. మోర్స్ సంకేతాల్లో ఇ కి ఒకే చుక్క కేటాయించడం, స్క్రాబుల్‌లో దానికి 12 బిళ్లలు, ఒకే పాయింటు ఇచ్చి క్యూ, జెడ్ లకు ఒక్కో బిళ్ల, పదేసి పాయింట్లు ఇవ్వడం ఈ లెక్క ప్రకారమే. స్క్రాబుల్ బోర్డు 15 గళ్లు కాబట్టి అందులో 15 అక్షరాలకు మించిన పదం పట్టదు.

అమెరికాలో 1925 నుంచి జరుగుతున్న జాతీయ స్పెల్లింగ్ పోటీలో కొన్ని దశాబ్దాలుగా భారతీయ మూలాలున్న పిల్లలు ముందంజలో ఉన్నారు. వారిలో తెలుగు కుటుంబాల వారు గణనీయం. 2012లో విజేత స్నిగ్ధ నందిపాటి చివరగా చెప్పిన ఫ్రెంచి మూలపు పదం "గెటపాన్"కు మాటువేసి పట్టడం అని అర్థం. పోటీలో పదం మూలభాష ఏదో, అర్థమేమిటో అడిగే హక్కు అభ్యర్థికి ఉంటుంది. గ్రీకు మూలమని తెలిస్తే ఎఫ్ ధ్వనికి పి-హెచ్, ఇ ధ్వనికి వై వచ్చే అవకాశముందని ఊహించవచ్చు. అందుకే తర్ఫీదులో పదాల పట్టికలతో పాటు ధాతువులు, ప్రత్యయాలు నేర్పుతారు.

తెలుగులో సమాంతర ప్రక్రియలు

తెలుగు కవులు పెట్టుకున్న అక్షర నియమాలు ప్రధానంగా ధ్వని మీద ఆధారపడినవి. ప, ఫ, బ, భ, మ వంటి పెదవులతో పలికే వర్ణాలు లేకుండా రాసేది నిరోష్ఠ్యం. 16వ శతాబ్దానికి చెందిన మరింగంటి సింగరాచార్యులు "దశరథరాజనందన చరిత్ర"ను మొత్తం ఈ నియమంతో రచించాడు. ఒకే హల్లుతో పద్యం నడిపే ఏకాక్షరి, రెండింటితో నడిపే ద్వ్యక్షరి కూడా ఇలాంటివే (చూ. చిత్రకవిత్వం). దీర్ఘపదాల విషయంలో మాత్రం తెలుగుకు ఆంగ్లం లాంటి రికార్డు పెట్టడం సాధ్యం కాదు. సంస్కృత సమాసాన్ని కవి తన అవసరం కొద్దీ ఒక పాదం నుంచి ఇంకో పాదానికి పొడిగించగలడు. అలాంటి సమాసాలు నిఘంటువులో చేరవు, వాటిలోని విడి పదాలే చేరతాయి (చూ. సమాసం, సంధి).